లేని పేజీ మీద నోట్సు

వర్డ్‌లో నోట్సు రాసుకుంటూ, ఒక అంశం అయిపోయిందనడానికి గుర్తుగా కొత్త పంక్తిలో మూడు హైఫన్లు కొట్టి ఎంటర్ నొక్కండి. హైఫన్లు మాయమై, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక గీత పరుచుకుంటుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. తీసేయాలనుకున్నప్పుడే తంటా. క్లిక్ చేస్తే సెలెక్ట్ కాదు. బ్యాక్‌స్పేస్ కొడితే పై వాక్యం చివరి అక్షరాలు పోతాయి, గీత మాత్రం చెక్కుచెదరదు. పై పేరా చివర ఇంకో ఎంటర్ కొడితే గీత కూడా ఒక మెట్టు కిందికి దిగుతుంది. దాన్ని వదిలించుకోలేక కొత్త ఫైలు తెరిచి మ్యాటరంతా మళ్లీ కొట్టుకునేవాళ్లూ ఉంటారు.

మనం గీత అనుకుంటున్నది ఆ పై పేరాకు ఉన్న కింది అంచు. పేరాకు ఎడమవైపు ఖాళీ, పంక్తుల మధ్య ఎడం ఎలాగో అంచుగీత కూడా అలాంటి లక్షణమే. లక్షణాన్ని చెరపలేం, మార్చగలం. కర్సర్‌ని పై పేరాలో ఉంచి బోర్డర్స్ మెనూలో ‘నో బోర్డర్’ అంటే క్షణంలో పోతుంది. ఇక గీత కిందికి దిగడం సంగతి. ఎంటర్ కొట్టగానే పుట్టిన కొత్త పేరాకు పాత పేరా లక్షణాలన్నీ వస్తాయి, అంచుతో సహా. ఒకే రకం అంచున్న పేరాలు ఒకదాని కింద ఒకటి వస్తే వర్డ్ వాటిని ఒక గుంపుగా చూసి, గుంపు అడుగున మాత్రమే గీత గీస్తుంది.

ఉత్తరమో అర్జీయో రాసేటప్పుడు ఇలాంటి చిక్కులు తక్కువ. పైనుంచి కిందికి ఒక ధారగా రాసుకుపోతాం. నోట్సు అలా రాయం. వెనక్కి వెళ్లి రెండు మాటలు ఇరికిస్తాం, ఎక్కడినుంచో ఒక పేరా తెచ్చి అతికిస్తాం, పక్కన బొమ్మ పెడతాం, సగంలో నంబర్లు వేస్తాం. చేత్తో రాసేటప్పుడు ఇదంతా ఇబ్బందే కాదు, ఎందుకంటే కాగితం మీద చోటు ముందే ఉంది. మూల ఖాళీగా ఉంటే మూలన రాస్తాం. వర్డ్ ఫైలులో అలాంటి చోటు లేదు, ఉన్నది వరస ఒక్కటే. దండలో పూసల్లాగా ఒకదాని వెనక ఒకటిగా అక్షరాలు, మధ్యమధ్య కంటికి కనిపించని కొన్ని గుర్తులు. ఆ వరస ఆధారంగా ఏది ఎక్కడ పడాలో యంత్రం ఎప్పటికప్పుడు లెక్కగట్టి తెరమీద చూపిస్తుంది. మనం ‘ఇక్కడ’ అంటాం, అది ‘దీని తరవాత’ అని వింటుంది. వర్డ్ పెంకితనాలని మనం తిట్టుకునేవి చాలావరకు ఈ రెండు మాటల మధ్య పుట్టినవే.

తెరను కాగితంలా నటింపజేసిన చరిత్ర కాలిఫోర్నియాలో మొదలవుతుంది. పాలో ఆల్టోలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో 1973లో ఆల్టో అనే కంప్యూటర్ తయారైంది. దాని తెర ఇప్పటి వాటిలా అడ్డంగా కాక నిలువుగా ఉండేది. వెడల్పు 606 చుక్కలు, ఎత్తు 808 చుక్కలు, అంటే అమెరికాలో వాడే లెటర్ సైజు కాగితం ఆకారానికి దగ్గర. మరుసటి ఏడాది బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోని తదితరులు ఆ యంత్రం మీద బ్రావో అనే రాత ప్రోగ్రామును నిర్మించారు. బోల్డ్ పెడితే తెరమీదే బోల్డ్‌గా కనిపించడం, అచ్చులో ఏది రాబోతుందో ముందే చూడగలగడం అప్పటికి అబ్బురమే. హంగెరీలో పుట్టిన సిమోని 1981లో మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. 1983లో డాస్ మీద తొలి వర్డ్ వచ్చింది. అక్షరానికి ఒక రూపం, పేరాకు ఒక రూపం అని విడివిడిగా చూసే పద్ధతి బ్రావోలో ఉన్నదే. అది వర్డ్‌లోకీ వచ్చి ఈనాటికీ కొనసాగుతోంది.

పేరా రూపం ఎక్కడ దాగుంటుందో చూడాలంటే కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని 8 నొక్కాలి. ప్రతి పేరా చివరా వెనక్కి తిరిగిన ‘పి’ అక్షరం లాంటి గుర్తు కనిపిస్తుంది. ఆ పేరా ఎంత లోపలికి జరగాలి, ఎడమకు ఒదగాలా మధ్యకు రావాలా, పైనా కిందా ఎంత ఖాళీ, ఏ స్టైలు అన్నదంతా ఆ గుర్తులోనే ఉంటుంది. పేరా ఇల్లు అనుకుంటే పత్రాలు చివరి గదిలో ఉన్నాయన్నమాట! రెండు పేరాల మధ్య గుర్తును చెరిపితే అవి కలిసిపోతాయి. కలిసినదానికి ఎవరి రూపం రావాలి? మిగిలిన గుర్తు రెండో పేరాది కాబట్టి రెండోదాని రూపమే రావాలని పాత సూత్రం. వాడేవాళ్లు బెంబేలెత్తుతున్నారని కాబోలు, కొత్త వర్డ్ కొన్ని సందర్భాల్లో మొదటిదాని రూపాన్నే నిలుపుతుంది. దాంతో ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా జరుగుతున్నట్టుంటుంది. సాయం చేయబోయి సూత్రాన్ని మసకబార్చడం అంటే ఇదే. పాత మొండి సూత్రమే నయమని నా అభిప్రాయం.

అదే కాలంలో మరో దారి కూడా ఉండేది. అమెరికాలోని యూటాలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలన్ ఆష్టన్, ఆయన విద్యార్థి బ్రూస్ బాస్టియన్ 1979లో ఓరెమ్ నగరపాలన కోసం రాసిన ప్రోగ్రాము తరవాత వర్డ్‌పర్‌ఫెక్ట్ అయింది. అందులో బోల్డ్ మొదలైన చోట ఒక కోడు, ముగిసిన చోట ఇంకో కోడు ఆ వరసలోనే కూర్చునేవి. ‘రివీల్ కోడ్స్’ అంటే చాలు, తెర కింది సగంలో ఆ కోడ్లన్నీ బయటపడేవి. అనవసరమైనదాన్ని చూసి చెరిపేయడమే. అమెరికాలో లాయర్లు చాలాకాలం దాన్ని వదలకపోవడానికి ఇదొక కారణం. వర్డ్‌లో అలా తెరిచి చూపే కిటికీ లేదు. రూపాలు ఒకదాని మీద ఒకటి పొరలుగా ఉంటాయి. అడుగున స్టైలు, దాని మీద పేరా రూపం, ఆ పైన మనం చేత్తో పెట్టిన బోల్డ్.

ఈ పొరల్లో ఒక విచిత్రం చెప్పుకోవాలి. పేరాలో సగంకంటే తక్కువ భాగాన్ని బోల్డ్ చేసి, ఆ తరవాత పేరాకు కొత్త స్టైలు పెడితే బోల్డ్ అలాగే ఉంటుంది. సగం దాటిన భాగం బోల్డ్‌లో ఉంటే మాత్రం స్టైలు మార్చగానే బోల్డ్ పోతుంది. కొన్ని మాటలే బోల్డ్ అయితే అవి కావాలని నొక్కి చెప్పిన మాటలని, ఎక్కువ భాగం బోల్డ్ అయితే అది పేరా వేషమని వర్డ్ ఊహ. నోట్సులో నిర్వచనం మొత్తాన్ని బోల్డ్ చేసుకునే విద్యార్థికి ఈ ఊహ శత్రువు. పరీక్ష ముందురోజు ఫైలంతా నీటుగా సర్దుదామని స్టైళ్లు మారిస్తే, ముఖ్యమని గుర్తు పెట్టుకున్నవే మామూలు అక్షరాల్లో కలిసిపోతాయి.

నంబర్ల గోల ఇంకో రకం. పంక్తి మొదట 1 కొట్టి, చుక్క పెట్టి, స్పేస్ ఇచ్చి రాయడం మొదలుపెట్టగానే వర్డ్ దాన్ని జాబితాగా మార్చేస్తుంది. ఆ క్షణం నుంచి ఆ 1 మీరు కొట్టిన అక్షరం కాదు. కర్సర్ దాని మీదికి వెళ్లదు. ఫైలులో ఎక్కడా 1, 2, 3 అని ఉండవు. ‘ఈ పేరా ఫలానా జాబితాకు చెందింది’ అనే మాట మాత్రమే ఉంటుంది, అంకె ఎప్పటికప్పుడు లెక్కలోంచి వస్తుంది. నాలుగు పేజీల తరవాత కొత్త ప్రశ్నకు కొత్త జాబితా మొదలుపెడితే 1 బదులు 9 రావడానికి కారణం, అది పాత జాబితాలోనే చేరిపోవడం. అంకె మీద రైట్ క్లిక్ చేసి ‘రీస్టార్ట్ ఎట్ 1’ అంటే సరిపోతుంది. అంకె ఒక్కటే నల్లగా, మాటలు పల్చగా ఉన్నాయనుకోండి, పేరా చివరి గుర్తుకు బోల్డ్ అంటుకుందన్నమాట. అంకె తన రూపాన్ని తీసుకునేది పంక్తి మరో కొసన ఉన్న ఆ గుర్తు నుంచే. కారణానికీ ఫలితానికీ మధ్య పంక్తంత దూరం ఉంటే ఎవరికి మాత్రం తోస్తుంది?

బొమ్మల దగ్గరా ఇదే తంతు. మామూలుగా అతికించిన బొమ్మను వర్డ్ ఒక పెద్ద అక్షరంగా భావిస్తుంది, ఆ పంక్తి బొమ్మంత ఎత్తుకు పెరుగుతుంది. పంక్తుల ఎడాన్ని ‘ఎగ్జాక్ట్లీ’ అని ఇన్ని పాయింట్లకు బిగించి ఉంటే పంక్తి పెరగలేదు కాబట్టి బొమ్మలో సన్నని పట్టీ మాత్రమే కనిపిస్తుంది. బొమ్మ పాడైందని మళ్లీ మళ్లీ అతికిస్తారు, మళ్లీ మళ్లీ పట్టీయే వస్తుంది. పోనీ కదిలే బొమ్మగా మారిస్తే? అప్పుడు దానికి ఒక పేరాతో లంగరు పడుతుంది. ఆ పేరా తర్వాతి పేజీలోకి జరిగితే బొమ్మా జరుగుతుంది, పేరాను చెరిపితే బొమ్మా పోతుంది.

టేబుల్‌తో ముగిసే నోట్సు చివర ఒక ఖాళీ పేజీ వచ్చి, ఎంత చెరిపినా పోకపోవడం కూడా చాలామందికి అనుభవమే. టేబుల్ తరవాత ఒక పేరా గుర్తు ఉండి తీరాలన్నది వర్డ్ నియమం. టేబుల్ పేజీని నిండా ఆక్రమిస్తే ఆ ఒంటరి గుర్తు కొత్త పేజీకి వెళ్లక తప్పదు. దాన్ని చెరపలేం కానీ, ఫాంటు సైజు 1కి తగ్గిస్తే పాత పేజీ అడుగున ఇమిడిపోతుంది. డీటీపీ సెంటర్లలో అనుభవం ఉన్నవాళ్లు ఈ పని చూడకుండానే చేసేస్తారు.

ఇంతకీ పేజీ ఎక్కడుంది? 2007 నుంచి వాడుకలో ఉన్న డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. పేరు చివర జిప్ అని మార్చి విప్పితే లోపల ఎక్స్ఎంఎల్ ఫైళ్లు ఉంటాయి. రాసినదంతా ఒకదానిలో ఉంటుంది. అందులో పేరాలున్నాయి, ఒకే రూపమున్న అక్షరాల తునకలున్నాయి, సెక్షన్లున్నాయి. పేజీలు మాత్రం లేవు. కావాలని మనం పెట్టిన పేజీ బ్రేకులు, కిందటిసారి పేజీ ఎక్కడ విరిగిందో చెప్పే ఆనవాళ్లు తప్ప పేజీ అంటూ ఏదీ అక్కడ రాసి ఉండదు. ఫైలు తెరిచిన ప్రతిసారీ ఆ యంత్రంలో ఉన్న ఫాంట్లనూ మార్జిన్లనూ బట్టి పేజీలు కొత్తగా పుడతాయి. ఇంట్లో 12 పేజీలున్న నోట్సు జిరాక్స్ షాపులో 13 అయిందంటే, అక్కడ మీ ఫాంటు లేక ఇంకోటి దాని స్థానంలో కూర్చుందేమో చూడాలి. అమెరికాలో ఉన్న కొడుకు పంపిన ఫైలులోని మ్యాటర్ తీసి ఇక్కడి ఫైలులో అతికించినా పేజీలు మారతాయి. అక్కడి లెటర్ కాగితం 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 ఎత్తు. మన ఏ4 వెడల్పు 210, ఎత్తు 297. పేజీకి మూడు పంక్తుల దాకా తేడా వస్తుంది.

దీనివల్ల పోయేది అందం ఒక్కటే అయితే పట్టించుకోనక్కర్లేదు. ఎర్న్‌స్ట్ రాత్‌కాఫ్ అనే అమెరికన్ మనోవిజ్ఞానవేత్త 1971లో ఒక ప్రయోగం ప్రకటించాడు. కొందరికి చాలా పేజీల పాఠం ఇచ్చి చదివించి, ఆ తరవాత విషయాలతో పాటు అవి పేజీలో ఏ భాగాన ఉన్నాయో కూడా అడిగాడు. చోటు గుర్తుంచుకోమని ముందుగా ఎవరికీ చెప్పలేదు. అయినా గుడ్డిగా ఊహిస్తే వచ్చేదానికంటే మెరుగ్గా చెప్పారు. విషయం గుర్తున్నవారికి చోటు కూడా గుర్తుండడం ఎక్కువగా కనిపించింది. పరీక్ష హాల్లో ‘ఎడమ పేజీలో, కింద, పటం పక్కన’ అని కళ్లు మూసుకుని వెతుక్కున్న ప్రతి విద్యార్థికీ ఇది తెలిసిన సంగతే. రాత నోట్సులో ఆ చోటు కదలదు. వర్డ్‌లో పైన ఒక పంక్తి చేర్చగానే కిందిదంతా జరుగుతుంది, నిన్న పేజీ అడుగున ఉన్నది ఈవేళ తర్వాతి పేజీ నెత్తిన ఉంటుంది. పేరా మొదటి పంక్తి ఒక్కటే పేజీ అడుగున మిగలకూడదని, చివరి పంక్తి ఒక్కటే తర్వాతి పేజీకి పోకూడదని ఉన్న నియమం ఈ కుదుపును ఇంకాస్త పెంచుతుంది, ఎందుకంటే పంక్తులు జంటగా కదులుతాయి. అందుకే నోట్సుకు పేజీలు చూపే ప్రింట్ లేఅవుట్ కంటే, పేజీలే లేని వెబ్ లేఅవుట్ మేలు. అంశాలకు హెడింగ్ స్టైళ్లు పెట్టుకుంటే పక్కనుండే నావిగేషన్ పేన్ చిరునామా చెబుతుంది. చోటు లేనప్పుడు చిరునామాతో సరిపెట్టుకోవాలి.

తెలుగులో నోట్సు రాసేవాళ్లకు ఇవన్నీ పోగా మరికొన్ని కష్టాలున్నాయి. మొదటిది ఎత్తు. ‘స్త్రీ’ అన్నప్పుడు గుడిదీర్ఘం పైకి లేస్తుంది, వత్తులు కిందికి దిగుతాయి. కాబట్టి తెలుగు ఫాంట్లు పంక్తికి ఎక్కువ ఎత్తు అడుగుతాయి. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఈ విషయంలో మరీ ఉదారం. ఇంగ్లిషు పేరా మధ్యలో ఒక్క తెలుగు మాట పడితే ఆ పంక్తి ఒక్కటే ఎడంగా కనిపించేది అందువల్లే. పంక్తిలో అన్నిటికంటే పొడుగైన ఫాంటే పంక్తి ఎత్తును నిర్ణయిస్తుంది. విసిగిపోయి ‘ఎగ్జాక్ట్లీ’ అని బిగిస్తే వత్తులు తెగుతాయి. ఎడం ఎక్కువైనా భరించవచ్చు గానీ వత్తు తెగితే మాటే మారిపోతుంది.

రెండోది వెడల్పు. మన మాటలు విభక్తులూ ప్రత్యయాలూ కలుపుకుని బారెడుంటాయి. ‘మాట్లాడుకుంటున్నప్పటికీ’ లాంటిది పంక్తి చివర పట్టక కిందికి పోతే, జస్టిఫై చేసిన పేరాలో మిగతా నాలుగు మాటలూ ఆ ఖాళీ నింపడానికి దూరదూరంగా జరుగుతాయి. వర్డ్ ఒక్కో పంక్తిని విడిగా చూసుకుని, పట్టినన్ని మాటలు పెట్టి ముందుకు సాగుతుంది. డొనాల్డ్ నూత్, మైకేల్ ప్లాస్ 1981లో ప్రచురించిన పద్ధతి వేరు. అది పేరా మొత్తాన్ని ఒకేసారి చూసి, ఏ పంక్తీ మరీ వికారంగా రాకుండా విరుపులు ఎంచుతుంది. నూత్ తయారుచేసిన టెక్ ప్రోగ్రాము చేసేది అదే. తాటాకుల మీద రాసిన మన పూర్వులకు ఈ బాధే లేదు. మాటల మధ్య ఖాళీ వదిలే ఆచారం లేదు కాబట్టి ఆకు చివర ఏ అక్షరం దగ్గరైనా ఆగి కింది పంక్తిలో కొనసాగించేవారు. నోట్సుకు జస్టిఫై అనవసరం, ఎడమకు ఒదిగించి వదిలేయండి. జస్టిఫై చేసిన పేరాలో షిఫ్ట్‌తో ఎంటర్ కొట్టి పంక్తి విరిచారా, ఆ పంక్తిలో మిగిలిన రెండు మూడు మాటలూ ఈ చివరా ఆ చివరా నిలబడతాయి. అక్కడ పేరా ముగియలేదు కాబట్టి వర్డ్ దాన్ని నిండు పంక్తిగానే భావించి సాగదీస్తుంది.

యూనికోడ్ రాకముందు నుంచీ అచ్చురంగంలో ఉన్న అను ఫాంట్ల లాంటివాటిలో టైపు చేసిన పాత మ్యాటర్‌ది ఇంకో కథ. వాటిలో తెలుగు కనిపిస్తుందే గానీ లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాల సంఖ్యలే. ఫాంటు మార్చగానే అర్థంలేని ఇంగ్లిషు బయటపడుతుంది. వర్డ్‌కు అది మొదటినుంచీ ఇంగ్లిషే. అందుకే ప్రతి మాట కిందా ఎర్ర గీత గీస్తుంది. వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దబడికి మారుస్తుంది, దాంతో ఆ సంఖ్య మారి తెరమీద వేరే తెలుగు ముక్క ప్రత్యక్షమవుతుంది. అలాంటి ఫాంట్లతో వర్డ్‌లో పని చేయాల్సి వస్తే ఆటోకరెక్ట్‌ను ముందే ఆపేయడం తప్పనిసరి.

యూనికోడ్‌లో ఈ గందరగోళం లేదు, దాని వింతలు దానికున్నాయి. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. ఫైలులో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వెనకనుంచి బ్యాక్‌స్పేస్ కొడితే సాధారణంగా ఒక్కో సంకేతమే ఊడుతుంది. ముందు దీర్ఘం పోతుంది, తరవాత ర పోయి పొల్లు మిగులుతుంది, ఇలా ఆరు దెబ్బలు కావాలి. ముందునుంచి డిలీట్ కొడితే ఒక్క దెబ్బకు మొత్తం మాయం. ఇది లోపం కాదు, తప్పు టైపు చేసినవాడు అక్షరమంతా పోగొట్టుకోకుండా చివరి గుణింతం ఒక్కటీ దిద్దుకోవడానికి పెట్టిన సౌకర్యం.

వెతుకులాటలోనూ ఒక మెలిక ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాయాలంటే ట పొల్లుకూ వ అక్షరానికీ మధ్య ఒక సంకేతం పెట్టాలి. దానికి వెడల్పు లేదు, రూపం లేదు, వత్తు పడకుండా అడ్డుపడడమే దాని పని. అది లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. చదివేవాడికి రెండూ ఒకటే. యంత్రానికి మాత్రం ఒకటి రెండోదానికంటే ఒక సంకేతం పొడుగు. కొన్ని కీబోర్డులు ఆ సంకేతాన్ని వాటంతటవే పెడతాయి, కొన్నిటిలో మనమే పెట్టాలి. ఫోనులో సగం, కంప్యూటర్‌లో సగం రాసిన నోట్సులో రెండు రూపాలూ కలిసే ఉంటాయి. ఒకదాన్ని ఇచ్చి వెతికితే రెండోది తగలకపోవచ్చు. అందువల్ల రెండు రూపాల్లోనూ విడివిడిగా వెతకాలి, లేదా ఒకసారి కూర్చుని రీప్లేస్‌తో అన్నిటినీ ఒకే రూపంలోకి మార్చుకోవాలి.